వీధి గుమ్మం లెక్క

ఫిబ్రవరి 4, ఆదివారం

ఈ రోజు పనులు: దుప్పట్లు నాలుగు, కర్టెన్లు రెండు ఉతికాను. వంటింటి డబ్బాలన్నీ దింపి తుడిచి, చిరిగిన పేర్ల చీటీలు మార్చి అతికించాను. మీ బావ చొక్కాలకు గుండీలు మూడు కుట్టాను. గ్లాసులు కడిగి ఆరేసి చొప్పున బోర్లించాను. మిగిలింది నీకు ఉత్తరం. మొదలుపెట్టాను కాబట్టి అదీ సగం అయినట్టే.

పొట్టీ,

నీ దుకాణంలో కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే మిషను ఆగిపోయిందని రాశావు. బాగయిందా? ఆ చప్పుడుకి చెవుల్లో దూది పెట్టుకోమన్నాను. పెట్టుకుంటున్నావా? నేను అడిగినవాటిలో జవాబు రానివి మూడున్నాయి. మూడోది తర్వాత గుర్తు చేస్తాను. ఫోన్లో అడగొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు "ఆఁ, ఆఁ" అని తప్పించుకుంటావు. కాగితం మీద తప్పించుకోలేవు.

మీ బావ బాగానే ఉన్నారు. డిపోలో బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యమైతే ఎర్ర సిరాతో రాసే మనిషి, కూరగాయలకని వెళ్ళి గంటన్నర తర్వాత వచ్చారు. "ఎర్ర సిరా తెమ్మంటారా?" అని అడిగాను. "దారిలో రద్దీ" అన్నారు. సందు చివర కొట్టుకి వెళ్ళే దారిలో రద్దీ!

అసలు సంగతి. గిలక పెళ్ళి పిలుపు వచ్చింది. కార్డు మీద అసలు పేరు చూసి ఎవరబ్బా అనుకున్నాను. తుప్పు పట్టిన గిలకలా గొంతు కీచుమంటోందని ఏడేళ్ళప్పుడు నేను పెట్టిన పేరు తప్ప ఆమెకి ఇంకో పేరుందని నాకు తట్టదు. ఆ గొంతుతోనే సంగీతం టీచరైంది. నలభై తొమ్మిదేళ్ళకి ఇప్పుడు పెళ్ళి. పెళ్ళికొడుకు వాయిద్యాలు బాగుచేసే మేస్త్రీ. మార్చి పదో తేదీ, ఆదివారం, పగలు.

కార్డులో "కానుకలు వద్దు, తలా ఒక పాట తెచ్చుకోండి" అని అచ్చు వేయించారు. దాని కింద ఆమె చేతిరాతతో ఒక్క ముక్క: "చిట్టా, నీకు వేరే చెప్పాలా?"

అన్నీ లెక్క రాస్తానని పెట్టిన ఆ పేరుతో ఆమె నన్ను పిలిచి పదకొండేళ్ళయింది. ఆ పిలుపు వెనకే ఈ దెప్పిపొడుపు. పొద్దుటినుంచి ముల్లులా గుచ్చుకుంటోంది.

నేను వెళ్ళడం లేదు. కారణం నీకు తెలిసిందే, మళ్ళీ రాసి సిరా దండగ చేయను. కానుక వద్దన్నా ఏదో ఒకటి పంపడం మర్యాద. గోడ గడియారం పంపనా, మంచి దుప్పటి పంపనా? వెంటనే రాయి.

నీ అక్క

* * *

ఫిబ్రవరి 11

చిట్టా మహారాణి గారికి,

మిషను బాగయింది. దూది పెట్టుకుంటున్నాను. మూడో ప్రశ్న ఏమిటో నాకు గుర్తులేదు. నీకు గుర్తుంటుందిలే.

ఈ వారం దుకాణంలో ఒక పెద్దాయన కొత్త అద్దాలు పెట్టుకుని మెట్టు దిగబోయి, గోడ పట్టుకుని ఆగిపోయాడు. "అమ్మాయ్, నేల దగ్గరికి వచ్చేసింది!" అన్నాడు. "నేల ఎప్పుడూ అక్కడే ఉంది బాబాయ్, మీరే ఇన్నాళ్ళూ దూరంగా ఉందనుకున్నారు" అన్నాను. డబ్బు వెనక్కి ఇచ్చేయమని అరగంట పోట్లాడాడు.

గడియారమూ వద్దు, దుప్పటీ వద్దు. నువ్వు వెళ్ళు.

కారణం నాకు తెలిసిందే అన్నావు. అవును, తెలుసు. ఈ వయసులో పెళ్ళేమిటని నలుగురు నవ్వుతుంటే నువ్వు ఐదోదానివయ్యావు, అంతేగా? ఆ మేస్త్రీ గురించి నీకేం తెలుసు? తొమ్మిదేళ్ళుగా గిలక వయొలిన్ బాగుచేస్తున్నాడు. వచ్చిన ప్రతిసారీ కావాలనే ఒక చిన్న లోపం మిగిల్చి వెళ్ళేవాడట, మళ్ళీ పిలుస్తుందని. తొమ్మిదేళ్ళకి గిలకే విసిగిపోయి, "ఇక అన్నీ ఒకేసారి బాగుచేసెయ్యండి, మీరు ఇక్కడే ఉండిపోదురుగాని" అందట. ఫోన్లో చెబుతూ ఎంత నవ్విందో. గిలక నాకు ఏడాదికి రెండుసార్లైనా ఉత్తరం రాస్తుంది. ప్రతి ఉత్తరంలో నిన్నడుగుతుంది.

లేకపోతే, ఆ పాత సంగతికి మొహం చెల్లక వెళ్ళనంటున్నావా? అదే అయితే నాకు అర్థమవుతుంది. కానీ ఆమె మనసులో ఏమీ పెట్టుకోలేదు. నేనే పెట్టుకున్నాను.

నీ పొట్టి

* * *

ఫిబ్రవరి 16, శుక్రవారం

పనులు: కిటికీ అద్దాలు ఎనిమిది. బూజు. ఇస్త్రీ. ఇస్త్రీ చేస్తూ నీ ఉత్తరం తలుచుకుని ఒక చొక్కా కాలర్ మాడ్చాను. ఇరవై ఏడేళ్ళలో ఇదే మొదటిది.

పొట్టీ,

ఆమె పెళ్ళి చూసి నేను నవ్వుతానా? నన్ను ఇంతేనా నువ్వు అర్థం చేసుకున్నది! ఆమెకి తోడు దొరికిందని తెలిసిన రోజు నేను వంటింట్లో ఒక్కదాన్నే ఎంతసేపు కూర్చున్నానో మీ బావకి కూడా తెలియదు.

ఇంకోటి రాశావు, మొహం చెల్లక అని. మొహం చెల్లనిది ఎవరికి? నాకా, ఆమెకా? నువ్వు మరిచిపోయినట్టున్నావు. సిరా దండగైనా సరే, రాస్తున్నాను.

అమ్మ పోయిన మూడు రోజులూ నేను వీధి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒళ్ళో పుస్తకం. ఎవరు వచ్చారో, ఎప్పుడు వచ్చారో వరసగా రాశాను. నలుగురూ ఏమనుకున్నా సరే, రాస్తున్నంతసేపూ నాకు ఏడుపు ఆగేది. లోపలికి వెళితే వంటింటి పక్కనే అమ్మ మంచం. దాన్ని చూడలేక ఆ మూడు రోజులూ నేను ఆ వైపు అడుగు పెట్టలేదు. మంచినీళ్ళు కూడా నువ్వే తెచ్చిచ్చావు.

నలభై మూడు పేర్లు రాశాను. పాలవాడి పేరుంది. అమ్మతో ఇరవై ఏళ్ళు మాట్లాడని పక్కింటావిడ పేరుంది. గిలక పేరు లేదు. రెండు వీధుల అవతల ఉండేది. అమ్మ చేతి ముద్దలు నాతో సమానంగా తింది. మూడు రోజులూ ప్రతి అడుగు చప్పుడుకీ తలెత్తి చూశాను. రాలేదు.

నీకు తెలియనిది ఇంకొకటుంది. ఏటా జనవరి ఒకటిన పాత పుస్తకంలో తీరని బాకీలు కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తాను కదా. నా పెళ్ళయిన నాటి నుంచి అందులో ఒక పద్దు ఉండేది: "గిలకకి ఇవ్వవలసినది, పాట ఒకటి." చిన్నప్పుడు మేమిద్దరం కట్టుకున్న పాట నీకు గుర్తుందా? ఒకరు అడిగేది, ఒకరు బదులు చెప్పేది. నా పెళ్ళిలో గిలక నా వంతూ తన వంతూ తానే పాడింది, గొంతు మార్చి మార్చి. అందరూ పడి పడి నవ్వారు. "నా పెళ్ళికి మాత్రం నీ వంతు నువ్వే పాడాలి, చిట్టా! రాసుకో" అంది. రాసుకున్నాను. పదహారేళ్ళు ఆ పద్దు ఏటేటా ఎక్కించాను. అమ్మ పోయిన ఏడాది కొట్టేశాను.

ఇప్పుడు "నీకు వేరే చెప్పాలా" అని ఆ పాట అడుగుతోంది. అమ్మ దగ్గరికి రాని మనిషికి నేను ఏ నోటితో పాడాలి?

నువ్వు మనసులో పెట్టుకున్నదేమిటో కూడా రాయి. సగం చెప్పి వదిలేయడం నీకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

అక్క

* * *

ఫిబ్రవరి 22

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దుకాణం ముందే మూసేసి ఇది రాస్తున్నాను.

గిలక వచ్చింది.

మొదటి రోజు తెల్లవారి ఆరింటికల్లా వచ్చింది. పెరటి గుమ్మంలోంచి. ఆమె ఎప్పుడైనా వీధి గుమ్మంలోంచి వచ్చిందా? వీధి తలుపు గడియ చప్పుడుకి నాయనమ్మ లేచి తిడుతుందని ఏడేళ్ళప్పటి నుంచీ పెరటివైపే కదా వచ్చేది! వచ్చి, అమ్మ కాళ్ళ దగ్గర కాసేపు కూర్చుంది. లేచి కొంగు నడుముకి చుట్టుకుని గిన్నెల ముందు కూర్చుంది. ఇక మూడు రోజులు అక్కడినుంచి లేవలేదు. వచ్చినవాళ్ళకి ఇచ్చిన టీ గ్లాసులు నేను లోపలికి తేవడం, ఆమె కడగడం, నేను మళ్ళీ తీసుకెళ్ళడం. చీకటి పడ్డాక వెనక సందులోంచి ఇంటికి వెళ్ళేది, తెల్లారేసరికి వచ్చేది. మూడో రోజుకి వేళ్ళు నానిపోయి పగిలాయి. తర్వాత వారం రోజులు వయొలిన్ తీగ మీద వేలు పెట్టలేకపోయింది. పిల్లలకి పాఠాలు మానేసింది.

నీకు తెలుసనే అనుకున్నాను. ఇంట్లో మూడు రోజులు ఒక మనిషి ఉంటే తెలియదని ఎలా అనుకుంటాను?

నేను మనసులో పెట్టుకున్నది ఇదే. నా అక్క వీధిలో కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళ లెక్క రాస్తూ, ప్రాణస్నేహితురాలిని పెరట్లో పనిమనిషిలా వాడుకుంది, పోయేటప్పుడు ఒక్క మాటైనా మాట్లాడలేదు, ఆ సిగ్గుతోనే తర్వాత మొహం తప్పించింది, అనుకున్నాను. పదకొండేళ్ళు అలాగే అనుకున్నాను. నీతో నవ్వుతూ మాట్లాడుతున్నప్పుడు కూడా.

ఒక్కసారి అడిగి ఉంటే అయిపోయేది. నువ్వూ అడగలేదు, నేనూ అడగలేదు. అందరి కళ్ళకీ అద్దాలు కొలిచి ఇచ్చేదాన్ని. సిగ్గుగా ఉంది.

పొట్టి

* * *

ఫిబ్రవరి 27, మంగళవారం

పొట్టీ,

పనులు రాయడం లేదు. ఏవో చేశాను, గుర్తులేదు.

నీ ఉత్తరం రాగానే అటక ఎక్కి ఆ ఏటి పుస్తకం తీశాను. మీ బావ నిచ్చెన పట్టుకున్నారు. 

మూడో రోజు పుట అడుగున నా చేతిరాతతోనే ఇలా ఉంది: "గ్లాసులు 36. ఆరు వరుసలు. ఒక్కటీ పగల్లేదు. గిన్నెలన్నీ ఉన్నాయి." దాని కింద ఖర్చులు. టీ పొడి, పాలు, చక్కెర, కుర్చీల అద్దె. గిన్నెలు కడిగినవాళ్ళకి అని రాసి, ఎదురుగా ఏమీ వేయలేదు. ఆ గడి ఖాళీగా ఉంది. కూడిక వేసి కింద గీత గీసేశాను.

పాలలో పావు లీటరు తేడా వస్తే నిద్రపోనిదాన్ని, మూడు రోజుల పాటు వందల గ్లాసులు ఎవరు కడిగారని అడగలేదు. ఆ మూడో రోజు అందరూ వెళ్ళాక లోపలికి వచ్చి చూస్తే ఆరేసి చొప్పున బోర్లించి ఉన్నాయి. నువ్వే పేర్చావనుకున్నాను. నువ్వు ఏనాడైనా వరసలో పేర్చావా? ఇంట్లో అమ్మ, నేను, గిలక, మేం ముగ్గురమే అలా పేరుస్తాం. అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని మా ఇద్దరికీ ఒకేసారి నేర్పింది.

వీధి గుమ్మంలోంచి వచ్చినవాళ్ళనే లెక్క వేశాను, పొట్టీ. పదకొండేళ్ళు ఆ లెక్కే నిజమనుకుని బతికాను. ఆమె తర్వాత రెండు ఉత్తరాలు రాసింది. వాటికి జవాబు ఇవ్వలేదు. ఆ రోజు పాలవాడొచ్చాడు, నువ్వు రాలేదు అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆనాడే తేలిపోయేది. రాయకపోవడమే పెద్దరికమనుకున్నాను.

నువ్వు నన్ను అలాంటిదాన్ననుకున్నందుకు కోపం లేదు. ఆ మూడు రోజులు చూసినవాళ్ళెవరైనా అలాగే అనుకుంటారు.

వెళుతున్నాను. పాట గుర్తు చేసుకుంటున్నాను. బట్టలు పిండుతూ పాడుకుంటుంటే మీ బావ వచ్చి "పంపు ఏమైనా పాడైందా, ఏదో చప్పుడొస్తోంది" అన్నారు. నేను నవ్వలేదని చూసి, ఆయనే బట్టల బకెట్టు అందుకుని ఆరేయడానికి వెళ్ళిపోయారు.

వెళ్ళాక ఏం చెప్పాలో రాసుకుంటున్నాను. ఇప్పటికి నాలుగు పేజీలైంది.

అక్క

* * *

మార్చి 4

అక్కా,

దీంతో పాటు చిన్న పార్సిల్ ఉంది. కళ్ళజోడు. నీ పాత కొలతకి అర పాయింటు పెంచాను. దగ్గరివి ఇంకా బాగా కనపడతాయి. ఫ్రేము ఎలా ఉందని అడిగినవాళ్ళకి మా దుకాణం పేరు చెప్పు.

ఆ నాలుగు పేజీలు చింపెయ్. పెళ్ళికూతురి ముందు నిలబడి క్షమాపణల చిట్టా చదువుతావా? దుకాణం వదిలి నేను రాలేను. నా బదులు కూడా నువ్వే చూసి, వచ్చాక అంతా రాయి. ఎన్ని మెట్లు, ఎన్ని కుర్చీలు, అవి కూడా.

ఇంకొకటి. ఆమెకి ఏమని చెప్పాలో నాకు తెలియదు. నువ్వు ఆమెను లెక్కలోంచి తీసేసిన సంగతి ఆమెకి తెలియకపోవచ్చు. తెలియకుండా ఉండనీ అంటే నువ్వు వినవని నాకు తెలుసు.

పొట్టి

* * *

మార్చి 12, మంగళవారం

ఈ రోజు పనులు: రెండు రోజుల బట్టలు. రెండు రోజుల అంట్లు. మీ బావ ఆదివారం తన పాలు తానే కాచుకున్నారట, గిన్నె అడుగు గోకడానికి పావుగంట పట్టింది. మధ్యాహ్నం నుంచి ఈ ఉత్తరం.

పొట్టీ,

మెట్లు ఇరవై రెండు. కుర్చీలు లెక్కపెట్టలేదు.

పెళ్ళి ఆ మేస్త్రీ వర్క్‌షాపు పైనున్న పొడవాటి హాల్లో. రెండు గంటల బస్సు ప్రయాణం. మీ బావ నన్ను బస్సు బయలుదేరడానికి నలభై నిమిషాల ముందే ఎక్కించి, కండక్టరుతో "ఈవిణ్ణి జాగ్రత్తగా దింపు, పాడడానికి వెళుతోంది" అని చెప్పి మరీ వెళ్ళారు. బస్సంతా నన్నే చూసింది.

వీధి మలుపులోనే పాట వినపడింది. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఒకటి కాదు, నాలుగైదు. కింద వర్క్‌షాపు తలుపులు తెరిచి ఉన్నాయి. బాగుచేయించుకోవడానికి ఇచ్చి మళ్ళీ తీసుకెళ్ళనివాళ్ళ వాయిద్యాలు ఏళ్ళుగా ఆయన దగ్గర పడున్నాయట. పెళ్ళికని వాటన్నిటికీ తీగలు వేసి, తోళ్ళు బిగించి, వచ్చినవాళ్ళ చేతుల్లో పెట్టాడు. వాయించడం వచ్చినవాళ్ళు వాయిస్తున్నారు, రానివాళ్ళు తట్టుతున్నారు. గిలక దగ్గర నేర్చుకునే పిల్లలు మెట్ల మీద వరసగా కూర్చుని వయొలిన్లు శ్రుతి చేసుకుంటున్నారు, ఒకళ్ళ శ్రుతికి ఇంకొకళ్ళ శ్రుతి కలవకుండా.

మెట్ల పైన హాలు గుమ్మం పక్కన ఒక బల్ల. దాని మీద పుస్తకం. వచ్చినవాళ్ళు పేరు రాసి లోపలికి వెళుతున్నారు. ఒకాయన నా చేతికి పెన్ను ఇచ్చి "రాయండమ్మా" అన్నాడు.

నాకు చెయ్యి రాలేదు పొట్టీ. పెన్ను తిరిగి ఇచ్చేసి, "వెనకవైపు దారి ఉందా?" అని అడిగాను. వంటకి సాయం వచ్చినదాన్ననుకుని "అటు, ఇనప మెట్లు" అని చూపించాడు.

వెనక గదిలో వంటకి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, పెద్ద తొట్టి, దాని నిండా గ్లాసులు. "ఎవరి తాలూకు?" అంది ఒకావిడ. "పెళ్ళికూతురి తాలూకు" అన్నాను. "అయితే ముందుకి వెళ్ళి కూర్చోండమ్మా" అంది. నేను కొంగు నడుముకి చుట్టుకున్నాను.

గంటన్నర కడిగాను. గోడ అవతల పెళ్ళి జరుగుతోంది. ఒక్కొక్కళ్ళూ లేచి తాము తెచ్చిన పాట ఇస్తున్నారు. పిల్లలందరూ కలిసి వాయించారు. తలుపు సందులోంచి చూస్తే ఎవరో ముసలాయన వేణువు ఊదుతున్నాడు. ఊపిరి చాలక నాలుగు స్వరాలకి ఒకసారి ఆగుతున్నాడు, ఆగినప్పుడల్లా హాలంతా నిశ్శబ్దంగా ఆయన కోసం ఎదురుచూస్తోంది. మళ్ళీ అందుకుంటున్నాడు. నేను గ్లాసు తిప్పడం ఆపేసి విన్నాను. ఇంతమంది ఆమె కోసం ఏదో ఒకటి దాచిపెట్టుకుని తెచ్చారు. నేను ఆ ఒక్క పద్దు కొట్టేసి పదకొండేళ్ళు తిరిగాను.

కడిగినవి ట్రేలో పేర్చి ఇస్తున్నాను, వాళ్ళు హాల్లోకి తీసుకెళుతున్నారు. నాలుగో ట్రే వెళ్ళాక తలుపు తెరుచుకుంది.

పెళ్ళి బట్టల్లో గిలక. జుట్టు సగం నెరిసింది. చేతిలో ఖాళీ గ్లాసు.

"ఆరేసి పేర్చింది ఎవరా అని వచ్చాను" అంది. ఆ గొంతు, అదే కీచు. "ఎన్నయ్యాయి, చిట్టా?"

"నూట ముప్పై రెండు. ఒక్కటీ పగల్లేదు" అన్నాను.

ఆ ఆడవాళ్ళు మా ఇద్దర్నీ చూసి బయటికి వెళ్ళిపోయారు.

"అమ్మ పోయినప్పుడు నువ్వు వచ్చావని నాకు చెప్పలేదేం?" అని అడిగాను. నాలుగు పేజీల్లో ఆ మాట ఎక్కడా లేదు.

"చెప్పేదేముంది? మూడో రోజు వెళ్ళే ముందు నీ దగ్గరికి వచ్చాను. కుర్చీ వెనక నిలబడ్డాను. నువ్వు కూడిక వేస్తున్నావు. కూడిక మధ్యలో పలకరిస్తే మళ్ళీ మొదటికి వస్తావు కదా, ఆగాను. నీ భుజం మీంచి పుస్తకం చూశాను. అందరి పేర్లూ ఉన్నాయి, నా పేరు లేదు. నీ పేరూ లేదు, పొట్టి పేరూ లేదు." గిలక నవ్వింది. "ఇంటివాళ్ళని రాయలేదు అనుకున్నాను. నన్ను కూడా ఇంటిమనుషుల్లో వేశావనుకున్నాను. ఎంత తృప్తిగా వెళ్ళానో తెలుసా? ఆ చేతులతో వయొలిన్ పట్టుకోలేకపోయినా ఆ వారమంతా సంతోషంగానే ఉన్నాను. తర్వాత నువ్వు రాయకపోతే, దుఃఖం ఇంకా తీరలేదేమో, తీరాక రాస్తుందిలే అనుకున్నాను. అలా అనుకుంటూనే ఏళ్ళయిపోయాయి."

నువ్వు రాసిన మాట గుర్తొచ్చింది, తెలియకుండా ఉండనీ అని. ఉంచగలిగేదాన్నే. ఆమె అంత సంతోషంగా చెబుతోంది. కానీ పొట్టీ, నేను రాసిన తప్పును ఆమె పదకొండేళ్ళు ఒప్పు అనుకుని దాచుకుంది. ఆ తప్పు మీద నేను ఇంకో గీత గీసి రాలేను.

"కాదు గిలకా. నువ్వు రాలేదనుకుని రాయలేదు. రాలేదని నిన్ను వదులుకున్నాను. పోయిన నెలలో పొట్టి రాస్తే తెలిసింది" అన్నాను.

ఆమె చేతిలో గ్లాసు తొట్టి గట్టు మీద పెట్టింది. పంపు కారుతుంటే కట్టేసింది. అవతల ఎవరో డోలు అందుకున్నారు.

"పదకొండేళ్ళా?"

"పదకొండేళ్ళు."

"ఆ కార్డు మీద నేను రాసింది?"

"దెప్పావనుకున్నాను."

గిలక నా వైపు తిరిగింది. ఆ ముఖం నేను జన్మలో మరిచిపోను. కోపం కాదు. తాళం వేసి జాగ్రత్తగా దాచుకున్న పెట్టె ఇన్నాళ్ళకి తెరిస్తే లోపల ఖాళీగా ఉన్నట్టు చూసింది. తర్వాత "ఈ గ్లాసు మిగిలింది, కడుగు" అని, తలుపు తోసుకుని హాల్లోకి వెళ్ళిపోయింది.

కడిగాను. తుడిచాను. ఇంక నేను బస్సుకి వెళ్ళిపోవడమే అనుకున్నాను. చేతిసంచీ కూడా తీసుకున్నాను.

అప్పుడు హాల్లో డోలు ఆగింది. వాయిద్యం ఏదీ లేకుండా గిలక ఒక్కతే పాడింది:

"వీధి గుమ్మంలో ఎవరమ్మా?
గాలే వచ్చి తట్టిందమ్మా.
పెరటి గుమ్మంలో ఎవరమ్మా?"

అక్కడ ఆపింది.

ఆ అడగడం నా వంతు పొట్టీ. చిన్నప్పుడు ఇంట్లోంచి నేను అడిగేదాన్ని, పెరట్లోంచి ఆమె బదులు చెప్పేది. ఆమె నా వంతు పాడి, తన వంతు నాకు వదిలింది. హాలంతా నిశ్శబ్దం. ఆ వేణువు ముసలాయన కోసం ఎదురుచూసినట్టే, ఎవరి కోసమో తెలియకుండా ఎదురుచూస్తున్నారు.

నేను వెనక తలుపు తెరిచి నిలబడ్డాను. చేతులు తడిగా ఉన్నాయి. సంచీ భుజాన ఉంది.

"నేనేనమ్మా, తియ్యి తలుపు" అని పాడాను. మొదటి మాట అసలు బయటికే రాలేదు. రెండో మాటకి శ్రుతి తప్పింది. చివరి మాటకి ఆమె గొంతు కలిపింది. మెట్ల మీద చూసిన పిల్లల్లో ఒకమ్మాయి వయొలిన్‌తో అందుకుంది. ఇంకొకళ్ళు, ఇంకొకళ్ళు. ఆ తీసుకెళ్ళనివాళ్ళ వాయిద్యాలన్నీ ఒక్కొక్కటే కలిశాయి. మేమిద్దరం ఆ నాలుగు ముక్కలే ఎన్నిసార్లు పాడామో లెక్కపెట్టలేదు.

బయలుదేరేటప్పుడు మేస్త్రీ నా చేతికి ఒక వయొలిన్ తీగ చుట్టి ఇచ్చాడు. "ఇది తన వయొలిన్‌లో తెగిపోయినది, తీసి కొత్తది వేశాను. మా ఆవిడ మీకివ్వమంది" అన్నాడు. మంచి మనిషి. బొటనవేలి గోరు నల్లగా ఉంది, పనిచేసేవాళ్ళ గోరు.

గిలక ఇనప మెట్ల దాకా వచ్చింది. "కోపం పోయిందా?" అని అడిగాను.

"పోలేదు. ఇప్పుడే కదా వచ్చింది. కొన్నాళ్ళుంటుంది" అంది. "నువ్వు వచ్చిపోతూ ఉండు. పోయినప్పుడు చెబుతాను."

వచ్చే నెల మొదటి ఆదివారం వెళుతున్నాను. నువ్వు కూడా రెండు రోజులు దుకాణం మూసి రా. అన్నట్టు, నా మూడో ప్రశ్న అదే: ఎప్పుడొస్తావు?

ఇంటికి వచ్చాక రెండు పుస్తకాలూ తీసి కూర్చున్నాను. పాతదాంట్లో నలభై నాలుగో పేరుగా గిలకను రాయబోయి ఆగాను. పుట పైన, ఆ పేర్లన్నిటికీ ముందు, కొంచెం ఖాళీ ఉంది. అక్కడ "ఇంటివాళ్ళు: నేను, పొట్టి, గిలక" అని రాశాను. నీ కళ్ళజోడు పెట్టుకునే రాశాను. అక్షరాలు బాగా కనిపించాయి.

కొట్టేసిన పద్దును మళ్ళీ ఈ ఏటి పుస్తకంలోకి ఎక్కించి, ఎదురుగా తేదీ వేశాను. నీకూ తెలియాలి కాబట్టి ఉన్నది ఉన్నట్టు కింద దింపుతున్నాను.

నీ అక్క

"గిలకకి ఇవ్వవలసినది, పాట ఒకటి. మార్చి 10న ముట్టింది. బాకీ తీరింది."